ముందు కాగితం, వెనక కాగితం

కిందటి నెల ఒక సోమవారం పొద్దున్న ఆఫీసుకెళ్ళి కంప్యూటరు తెరిచేసరికి నాకో నోటీసు వచ్చి ఉంది. పంపింది మనిషి కాదు, మెషీను. ఫలానా వారి ఖాతా గడువు ఈ శుక్రవారం సాయంత్రం అయిదింటితో తీరుతోంది, అందులోని మెయిళ్ళు శాశ్వతంగా తీసెయ్యాలా, ఇంకొంతకాలం ఉంచాలా, బాధ్యుడు చెప్పాలి అని దాని సారాంశం. బాధ్యుడంటే నేను. ఫలానా వారంటే మూడేళ్ళ కిందట పోయిన మా రికార్డు మావయ్య.

ఆయన పేరు చెప్పను. చెబితే బెంగాల్లోని మా ఖరగ్‌పూర్లో సగం మంది తెలుగువాళ్ళు ఆయన మాకు చుట్టమంటారు, మిగతా సగం మంది తమ కాగితమేదో ఆయన దగ్గర ఉండిపోయిందంటారు. నాకూ చుట్టం కాదు. ఆఫీసులో అందరికీ మావయ్యే. ఆ ఖాతాలో మెయిళ్ళు పెద్దగా లేవు. ఆయన మెయిలు రాయడమంటే పంచాంగంలో గ్రహణం లాంటిది, ఏడాదికి ఒకటో రెండో. కానీ వాటిలో ఒకటి నా గురించి రాసింది. నేను చదవనిది. అది పొగడ్తో పితూరీయో అయిదేళ్ళుగా నాకు తెలీదు. శుక్రవారం అయిదు దాటిందంటే ఇంకెప్పటికీ తెలిసే దారి లేదు.

ఇక్కడ ఒక సంగతి ముందే ఒప్పేసుకోవాలి. నేను కాస్త కోతలు కోసే మనిషిని. మా ఊరి ప్లాట్‌ఫారం ఎంత పొడుగంటే, మా నాన్న ఆ చివర పెళ్ళిచూపులకని రైలు దిగి ఈ చివరికి నడిచొచ్చేసరికి ఇక్కడ నా బారసాల జరుగుతోందని చెప్పే రకం. వినేవాళ్ళు నవ్వేవారు. మావయ్య మాత్రం కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి, వాటి మీంచి చూసి అడిగేవాడు.

"ఏ రైలు? టికెట్టుందేటి?"

రైల్వేలో రికార్డు రూములో ముప్పై ఏళ్ళపైన పనిచేసి రిటైరయ్యాక, ఊరి బయట వేగన్లకి స్ప్రింగులు చేసే మా ప్రైవేటు కంపెనీలో చేరాడాయన. బల్ల మీద చిన్న గిన్నెలో తడి స్పాంజి ఉండేది. కాగితాలు తిప్పడానికి వేలు తడుపుకునే అలవాటు. కాగితాలు పోయి కంప్యూటరొచ్చినా స్పాంజి పోలేదు. వేలు తడపనిదే మౌసు ముట్టేవాడు కాదు. అలా నీళ్ళు తాగి మూడు మౌసులు చచ్చాయి. ఏడని చెబుదామని ఉంది గానీ కొన్న బిల్లులు మూడే దొరికాయి.

ఆయన ప్రాణమంతా ఒక్క ప్రశ్నలో ఉండేది: "గడువెంత?" శుభలేఖ ఇస్తే అక్షరం అక్షరం చదివి, "ఇదెన్నాళ్ళుంచాల?" అని ఇచ్చినవాణ్ణే అడిగేవాడు. పెళ్ళైన మర్నాడు దాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేసేవాడు. ఇంట్లో పెరుగు గిన్నె మీద, దగ్గు మందు సీసా మీద, చివరికి గొడుగు మీద కూడా తేదీ వేసిన చీటీలు. ఆయన భార్యని మేం అత్తయ్య అనేవాళ్ళం. ఒకసారి కాఫీ ఇస్తూ ఆవిడ అంది:

"నన్ను ఒక్కదాన్నే శాస్వతంలో ఏసినారు బాబూ. చీటీ అంటించలేదు, అదే పదివేలు."

మా కంపెనీలో మెయిళ్ళు దాచే ఆర్కైవు పెట్టినప్పుడు, అదెలా వాడాలో నేర్పడానికి కలకత్తా నుంచి ఒక సాఫ్టువేరు అమ్మాయి వచ్చింది. ఆయన ఆ అమ్మాయికి ఎదురుగా బడిపిల్లాడిలా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మనుషులెవరూ ఇందులోంచి మెయిలు తుడవలేరు అని ఆమె అంటే ఆయనకి నమ్మకం కుదరలేదు.

"దీదీ, మేనేజర్ భీ నహీ?"

"నహీ కాకూ." బాబాయ్ అన్నమాట.

"హమ్ భీ నహీ?"

"గడువు తీరేదాకా మీరు కూడా తుడవలేరు" అని ఆమె హిందీలో చెప్పేసరికి ఆయన మొహం వెలిగిపోయింది. నా వైపు తిరిగాడు.

"అల్లుడూ, ముప్పయ్యేళ్ళు ఎలకల్తోటి, చెదల్తోటి, ఆఫీసర్లతోటి ఏగినాను. ముగ్గురూ కాగితాలు తినీసినోళ్ళే. ఇన్నాళ్ళకి ఎవుడూ తినలేని బీరువా దొరికింది."

ఆర్కైవు అన్న మాట ఆయన నోటికి పట్టలేదు. అటక అనేవాడు. ఆ అటక ఎలా పనిచేస్తుందో నాకు చెప్పిన తీరు ఇప్పటికీ చెవిలో ఉంది. "నివ్వు మెయిలు కొడతావు. అది అవతలోడికి అందకముందే నకలొకటి అటకెక్కిపోద్ది. నీ పెట్టిలోది నివ్వు తుడిసీ, ఆడి పెట్టిలోది ఆడు తుడిసీ. బల్ల సుబ్బరమవుద్ది గానీ అటక అవదు. సెలవు చీటీ మూడేళ్ళు, ప్రమాదం కాగితం శాస్వతం, మనిసెల్లిపోనాక ఆడి ఖాతా మూడేళ్ళు. ఇంకోటి, అటకెక్కి ఎవుడు తొంగి చూసినా, ఆడి పేరు కూడా అటక రాసుకుంటాది."

"మరి గడువు తీరాక?"

"తీసీడమే. గడువు తీరని కాగితం సింపడం ఎంత తప్పో, గడువు తీరింది దాసుకోడం అంతే తప్పు. రికార్డంటే దాయడం ఒక్కటే అనుకున్నావేటి?"

నాకు ఈ అటక మొదటి రోజు నుంచే నచ్చలేదు. అబద్ధాలాడేవాడికి జ్ఞాపకశక్తి ఎక్కువుండాలంటారు. నాది బొటాబొటీ. అందుకని రోజూ సాయంత్రం నేను పంపిన మెయిళ్ళన్నీ తుడిచేసి, చెత్తబుట్ట కూడా ఖాళీ చేసి, చేతులు కడుక్కుని ఇంటికెళ్ళేవాణ్ణి. అప్పుడు నేను సరుకు పంపించే డిస్పాచి సెక్షన్లో గుమస్తాని.

మా క్రేను నడిపేవాడు అప్పల్రాజు. ఒకరోజు నా బల్ల దగ్గరికొచ్చాడు. "బావా, బరువులెత్తే ఇనప తాడు పోగులు లేసిపోనాయి. మేనేజరుకి ఓ కాగితం రాసీ" అన్నాడు. మా కంపెనీలో మెయిలు రాసే పద్ధతి ఒకటుంది, లోకంలో ఇంకెక్కడా ఉండదనుకుంటాను. తెర మీద కొట్టిన అక్షరాన్ని మావాళ్ళెవరూ నమ్మరు. చేత్తో రాయాలి, సంతకం పెట్టాలి, దాని మీద గుండ్రటి ముద్ర కొట్టాలి, దాన్ని ఫోనుతో ఫోటో తియ్యాలి, ఆ ఫోటోని మెయిలుకి తగిలించాలి. పైన విషయం అన్నచోట అందరూ ఒకటే రాస్తారు: రెస్పెక్టెడ్ సర్. నేనూ అలాగే పంపాను. ఇంటికెళ్ళేముందు అలవాటు ప్రకారం తుడిచేశాను. మర్చిపోయాను.

కొన్ని వారాలకి తాడు తెగింది. స్ప్రింగుల బోను నేలకి కొట్టుకుంది. కింద ఎవరూ లేరు, మా అదృష్టం. అప్పల్రాజు దూకేశాడు గానీ ఎడమ మణికట్టు విరిగింది. తాడు సంగతి తనకెవరూ చెప్పలేదనీ, క్రేనువాడి నిర్లక్ష్యమేననీ మేనేజరు రాసిచ్చాడు. విచారణకి మేనేజరు పైనుండే పెద్దసారు కూర్చున్నాడు. తప్పు అప్పల్రాజుదని తేలితే ఉద్యోగం పోతుంది.

మేనేజరు పెట్టెలో ఆ మెయిలు లేదు. ఆయనెప్పుడు తుడిచాడో ఆయనకే తెలియాలి. నా పెట్టెలోనూ లేదు. అది మాత్రం నాకు బాగా తెలుసు.

పెద్దసారు నన్ను పిలిచి అడిగాడు. మెయిలు పంపాను సార్ అని చెప్పి ఊరుకుంటే సరిపోను. నా నోరు ఊరుకుంటుందా? "పంపడమే కాదు సార్, తరవాత మంగళవారం పదకొండింటికి మేనేజరుగారికి ఫోను చేశాను. ఇనుముకి నోరు లేదు, మనిషికి ప్రాణముంది, ఏది ముందో మీరే తేల్చండి అని అరగంట నిలదీశాను" అన్నాను. మేనేజరు నెమ్మదిగా గోడ మీది క్యాలెండరు చూపించాడు. ఆ మంగళవారం విశ్వకర్మ పూజ. ఫ్యాక్టరీకి సెలవు. మిషన్లన్నిటికీ బొట్లు పెట్టి, తాళాలేసి, అందరం ప్రసాదం పొట్లాలతో ఇళ్ళకెళ్ళిన రోజు.

గదిలో అందరూ నవ్వారు, అప్పల్రాజు తప్ప. కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని నావైపు చూశాడు. ఆ చూపుని వర్ణించమంటే వర్ణించలేను. కోతలకి కూడా ఓ హద్దుంటుంది.

మర్నాటికల్లా ఆధారం తెమ్మన్నారు. నేను సరాసరి రికార్డు మావయ్య దగ్గరికెళ్ళాను. ఆయన వేలు తడిపి అటకెక్కాడు. నా పేరు కొడితే నాలుగు వేల పైచిలుకు మెయిళ్ళు. తాడు అని కొడితే ఒక్కటీ రాలేదు. ఉత్తరం ఫోటోలో ఉంది కదా, అటకకి అక్షరాలొచ్చు గానీ బొమ్మలు చదవడం రాదు. రెస్పెక్టెడ్ సర్ అని కొడితే కంపెనీ కంపెనీ అంతా లేచి నిలబడింది.

"ఏ రోజు పంపినావు?"

"గుర్తు లేదు మావయ్యా."

"పోనీ, ఆ రోజు ఇంకేటి అబద్ధమాడినావు?"

అదేం ప్రశ్న అనుకున్నాను. మరుక్షణం గుర్తొచ్చింది. ఆ రోజు గోల్‌బజార్లో మంచి ఇలిశా చేప దిగిందని ఎవరో ఫోను చేశారు. మా గోదారి పులసకి ఇది మేనత్త కూతురని నా సిద్ధాంతం. ఆ తొందరలో మధ్యాన్నమే లేచి, సెలవు మెయిలు కొట్టి వెళ్ళిపోయాను. ఫోటో తీసే తీరిక లేక తెర మీదే అక్షరాలు కొట్టాను.

"ఎవుల్ని సంపీసినావు?"

"మా అత్తగార్ని."

ఆయన మళ్ళీ వేలు తడిపి, అత్తగారు అని కొట్టాడు. తెర మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు.

"అల్లుడూ, ఈవిడ మూడుసార్లు పోనాది."

"రెండోసారి, మావయ్యా. రెండోసారిది."

రెండో మరణానికి సరిగ్గా నాలుగు నిమిషాల ముందు ఒక రెస్పెక్టెడ్ సర్ ఉంది. తెరిస్తే ఫోటో. నా చేతిరాత, అప్పల్రాజు సంతకం, గుండ్రటి ముద్ర. నా నిజం నా అబద్ధం వేలు పట్టుకుని బయటికి నడిచొచ్చింది.

నేను ఆయన కాళ్ళ మీద పడబోయాను. ఆయన అప్పటికే ప్రింటరు దగ్గరున్నాడు. ఒకటి కాదు, మూడు కాగితాలు వచ్చాయి. మొదటిది స్టోరువాళ్ళు చేతి తొడుగులు కావాలని పెట్టిన మెయిలు. మధ్యది మాది. మూడోది మా అత్తగారి మరణవార్త.

"మూడోదెందుకు మావయ్యా?"

"రికార్డు రూములో కాగితం బయటికిస్తే ముందు కాగితం, వెనక కాగితం కలిపే ఇస్తాం. పక్కన ఎవులూ లేని కాగితం అనాథ. మజ్జిలో ఎవుడో దూర్చినాడంటారు."

"ఇది బయటికెళ్తే నా ఉద్యోగం పోద్ది."

"పోతే పోద్ది. ఇది ఎల్లకపోతే అప్పల్రాజుది పోద్ది. నీ మెయిలు తియ్యాలంటే నీ సంతకం కావాల. మూడూ ఇమ్మని రాసిస్తే మూడూ ఇస్తాను. నేదంటే మూడూ సించేస్తాను. అటక మీదివి అటక మీదే ఉంటాయి."

ఫారం నా ముందు పెట్టి, పెన్ను మూత తీసి పక్కన పెట్టాడు. బతిమాలలేదు, బెదిరించలేదు. కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు. నేను ఆ గదిలో ఎంతసేపు నిలబడ్డానో చెప్పమంటే మూడు గంటలంటాను. నిజానికి పది నిమిషాలుంటుంది. సంతకం పెట్టాను. పెట్టాక, పోనీ కింద చిన్న వివరణ రాస్తాను, అత్తగారికి ఆ రోజు నిజంగానే ఆయాసంగా ఉందని, అంటూ పెన్ను మళ్ళీ తీశాను. ఆయన నా చేతిలోంచి పెన్ను లాక్కున్నాడు.

"నిజానికి మీసాలెట్టకు. ఉన్న మొకంతోటే పంపించు."

మర్నాడు పెద్దసారు మొదటి కాగితం చదివి పక్కన పెట్టాడు. రెండోది చదివి మేనేజరు వైపు చూశాడు. మేనేజరు సీలింగు ఫ్యాను వైపు చూశాడు. మూడోది తీసి చాలాసేపు చదివి, బెంగాలీలో నన్ను అడిగాడు.

"శాశుడి మారా గేఛేన్?" అత్తగారు పోయారా అని.

"నా సార్." లేదని.

"ఏఖన్ కేమన్ ఆఛేన్?" ఇప్పుడెలా ఉన్నారట.

"భాలో ఆఛేన్ సార్" అన్నాను. బాగున్నారనక ఏమనను?

అప్పల్రాజు ఉద్యోగం నిలబడింది. మేనేజరు నెల తిరక్కుండా వేరే ఊరు చూసుకున్నాడు. నాకంటే ముందే ఈ వార్త ఇంట్లో మా అత్తగారికి చేరింది. ఆవిడ నాకు అన్నం పెట్టడం మానలేదు. కాకపోతే నెల్లాళ్ళు ప్రతి పూటా కంచం ముందు నిలబడి, "సచ్చినోళ్ళ సేతి కూడు తింటావేటి బాబూ?" అని అడిగి మరీ పెట్టింది.

నన్నేం చెయ్యాలో తేల్చలేక పెద్దసారు రికార్డు మావయ్యనే అడిగాడు: ఈ మనిషి గురించి మీ అభిప్రాయం రాసి పంపండి అని. ఆయన రాశాడు. చేత్తో రాసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టి, ఫోటో తీసి పంపాడు. వారం తిరక్కుండా నన్ను డిస్పాచి నుంచి తీసి ఆయన దగ్గరే సహాయకుడిగా వేశారు. అది శిక్షో బహుమానమో నాకు అర్థం కాలేదు. అబద్ధాలాడేవాణ్ణి రికార్డుల మధ్య కూర్చోబెట్టడం, పిల్లిని చేపల బుట్టకి కాపలా పెట్టడమా, లేక పిల్లి మెడలో గంట కట్టడమా?

"ఏం రాశారు మావయ్యా?" అని కనీసం వందసార్లు అడిగాను. ఇది కోత కాదు.

"గడువు తీరనీ."

"తీరితే తీసేస్తారు కదా!"

"మరదే."

ఏడాది చివర గడువు తీరినవి తీసే రోజున ఆయన ఉతికిన చొక్కా వేసుకొచ్చేవాడు. సాక్షిగా ఒకర్ని కూర్చోబెట్టుకుని, జాబితా పైకి చదివేవాడు. ఒక్కో పేరు చదివి, "నీ పనయిపోనాది, ఎల్లిరా" అనేవాడు. కంప్యూటరుతో. పక్కన కూర్చున్న నాకు మొదట్లో నవ్వొచ్చేది. అంతా అయ్యాక మీట నొక్కి, రిజిస్టరులో సంతకాలు చేయించి, ఓ గ్లాసు మంచినీళ్ళు తాగేవాడు.

జబ్బు చేసినప్పుడు ఆస్పత్రికి నేనే తీసుకెళ్ళాను. డాక్టరు రిపోర్టులు చూసి ఏదో చుట్టూ తిప్పి చెబుతున్నాడు. ఈయన ఆపాడు.

"గడువెంత డాక్టరుబాబూ?"

"అలా తేదీ చెప్పలేమండీ."

"తేదీ లేని కాగితం నాను రిజిస్టర్లో ఎలా ఎక్కించగలను?" అని విసుక్కున్నాడు. బయటికొచ్చాక స్పాంజి గిన్నె నన్ను తీసేసుకోమన్నాడు. అంతే. అత్తయ్య మాత్రం ఆయన పోయాక ఇంట్లో చీటీలన్నీ పీకేసింది, గొడుగు మీది చీటీ తప్ప.

అందుకని ఆ సోమవారం నోటీసు నా ముందుకొచ్చేసరికి ఏం చెయ్యాలో తెలీలేదు. ఇంకొంతకాలం ఉంచమని చెప్పొచ్చు, కానీ కారణం రాయాలి. నాకు కారణాలకి కొదవేముంది? మంగళవారానికే విచారణ జరుగుతోందని ఒకటి, ఆడిటువాళ్ళడిగారని ఒకటి, కోర్టు నోటీసని ఒకటి తయారుచేశాను. పోనీ తెరిచి చదివెయ్యొచ్చు. ఆ మెయిలు అందుకున్న పెద్దసారు ఎప్పుడో కంపెనీ వదిలి వెళ్ళిపోయాడు, ఆయన ఖాతా గడువు కూడా కిందటేడే తీరింది. ఇక ఉన్న నకలు ఇదొక్కటే. చూసినవాడి పేరు అటక రాసుకుంటుంది నిజమే. కానీ ఆ పేర్ల జాబితా చూసే మనిషి ఇప్పుడెవరు? నేనే.

శుక్రవారం నాలుగున్నరకి సాక్షి సంతకానికి అప్పల్రాజుని పిలిచాను. వంకరగా అతుక్కున్న మణికట్టు రుద్దుకుంటూ వచ్చి కూర్చున్నాడు.

"బావా, తీసి సూసీరాదేటి? ఎవుడడుగుతాడు?"

"ఎవడూ అడగడు."

"మరేటి?"

"అదే కదా."

వాడికి అర్థమైందో లేదో. నేను స్పాంజి మీద వేలు తడిపాను. జాబితా పైకి చదివాను. మొత్తం పదకొండు మెయిళ్ళు. ఏడోది, రెస్పెక్టెడ్ సర్, జత ఒక ఫోటో. అక్కడ ఆగి, నీళ్ళు తాగి, "నీ పనయిపోనాది, ఎల్లిరా" అన్నాను. అప్పల్రాజు లేచి నిలబడ్డాడు, ఎందుకో మరి. గడువు తీరగానే తీసెయ్యమని మీట నొక్కాను. అయిదుకి ఇంకా ఏడు నిమిషాలుంది. రిజిస్టరులో నాది, వాడిది సంతకాలు పడ్డాయి.

ఆయన ఏం రాశాడని ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. 'నోరు చెడ్డది, మనసు మంచిది' అని రాశాడని మా ఆవిడతో చెప్పాను. కంపెనీని నా చేతుల్లో పెట్టి పెద్దసారుని కాశీ వెళ్ళమన్నాడని గోల్‌బజారు టీకొట్టులో చెప్పాను. 'ఉద్యోగం పీకేస్తే ఇతగాడు రోజంతా ఇంట్లోనే ఉంటాడు, అత్తగారు నాలుగోసారి నిజంగానే పోతుంది' అని రాశాడని మా అత్తగారితో చెప్పాను. ఆవిడ నమ్మింది. అందరూ నమ్ముతున్నారు. కాదనే కాగితం లోకంలో లేదు. నేనిప్పుడు రాస్తున్న దీనికి కూడా ముందు కాగితం లేదు, వెనక కాగితం లేదు.

చెప్పడం అయ్యాక మాత్రం ఓ క్షణం ఆగుతాను. ఎవరైనా కళ్ళద్దాల మీంచి చూసి, టికెట్టుందేటి అని అడుగుతారేమోనని.